ఏ లాగ్‌ని ఏమడగాలి?

కోరుట్ల నుంచి ఫోను వచ్చిందనుకోండి. ఎరువుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర బిల్లింగ్ చూసే అబ్బాయి. "అన్నా, బిల్లు కొడితే స్క్రీను అట్లనే ఆగిపోతున్నది. ఎర్రర్ గిట్ల ఏం వస్తలేదు. బయట రైతులు లైన్ కట్టిన్రు, సేటు ఒర్రుతున్నడు." వానాకాలం నాట్ల రోజులు. యూరియా కోసం పొద్దున్నుంచీ జనం నిలబడి ఉన్నారు. మీరేం చెబుతారు?

చాలామంది నోటికొచ్చే మాట ఒకటే. "తమ్మీ, సర్వర్ ఒకసారి బంద్ చేసి మళ్ల చాలు చెయ్యి." ఒక్కోసారి దాంతో పని నడుస్తుంది, అందుకే ఆ అలవాటు పోదు. ఈసారి నడవదు. ఎందుకు నడవదో సర్వర్ తన ఎర్రర్ లాగ్‌లో అప్పటికే రాసి పెట్టింది: డిస్క్ నిండిపోయింది, ఎవరైనా చోటు ఖాళీ చేస్తారని చూస్తున్నాను, 60 సెకన్లకు మళ్లీ ప్రయత్నిస్తాను. డిస్క్ నిండితే మైఎస్‌క్యూఎల్ నిజంగానే ఇలా చేస్తుంది. నిమిషానికోసారి చోటు దొరికిందేమో చూసుకుంటుంది, పది నిమిషాలకోసారి ఆ సంగతి లాగ్‌లో రాస్తుంది. ఈలోపు బిల్లు కొట్టే ప్రోగ్రాంకు ఎర్రర్ ఏదీ అందదు. పాపం ఆ అబ్బాయికి స్క్రీను ఆగినట్టే కనిపిస్తుంది. ఆ ఒక్క లైను చదివి ఉంటే ఇది ఐదు నిమిషాల పని.

మీరు నాచుపల్లి జేఎన్‌టీయూలో ఇంజనీరింగ్ చదివి ఉండొచ్చు. డిగ్రీ తర్వాత అమీర్‌పేటలో డేటాబేస్ కోర్సు చేసి ఉండొచ్చు. ఇప్పుడు మేడిపల్లిలో ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీకి రాత్రి షిఫ్టు సపోర్ట్ చేస్తుండొచ్చు, లేదా జగిత్యాలలో నాలుగు ఆసుపత్రుల సిస్టమ్‌లు చూసుకుంటుండొచ్చు. క్వెరీలు రాస్తారు, బ్యాకప్ తీస్తారు. లాగ్ ఫైలు తెరవాలంటే మాత్రం చెయ్యి వెనక్కి పోతుంది. ఎందుకు? కాలేజీలో ట్రాన్సాక్షన్ల సిద్ధాంతం చెప్పారు, కోర్సులో ఇన్‌స్టాలేషన్ చెప్పారు. లాగ్ ఎలా చదవాలో ఎవరూ పక్కన కూర్చోబెట్టి చూపించలేదు. అందులో మీ తప్పేమీ లేదు. నేర్చుకోవడానికి పట్టే సమయం కూడా మీరు భయపడేంత ఎక్కువ కాదు.

మొదట ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. సర్వర్ రాసే లాగ్ ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఒక్కో లాగ్ ఒక్కో ప్రశ్నకే జవాబు చెబుతుంది. కాబట్టి ఫైలు తెరిచే ముందే మీ ప్రశ్న ఏమిటో కాగితం మీద రాసుకోండి. సాధారణంగా అది ఈ నాలుగింట్లో ఒకటవుతుంది:

1. సర్వర్‌కు ఏమైంది?
2. ఎందుకింత ఆలస్యమవుతోంది?
3. డేటాలో ఏం మారింది?
4. ఎవరు చేశారు, ఎవరు చూశారు?

"సార్, రిపోర్ట్ చాలా స్లోగా వస్తోంది" అని ఫిర్యాదు వస్తే ఎర్రర్ లాగ్‌లో రెండు గంటలు వెతికినా ఏమీ దొరకదు. "నా బాకీ తప్పు చూపిస్తోంది" అంటే స్లో లాగ్‌లో ఏమీ ఉండదు. తప్పు ఫైల్లో వెతికి, ఏమీ కనబడక, "లాగ్‌లో ఏం లేదు సార్" అని చెప్పేవాళ్లను ఎంతమందిని చూశారు? ఉండాల్సినది ఉండాల్సిన చోటే ఉంది.

1. సర్వర్‌కు ఏమైందో ఎర్రర్ లాగ్‌ని అడగండి

మైఎస్‌క్యూఎల్‌లో దీన్ని ఎర్రర్ లాగ్ అంటారు, ఒరాకిల్‌లో అలర్ట్ లాగ్, పోస్ట్‌గ్రెస్‌లో సర్వర్ లాగ్. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎర్రర్‌లాగ్ పేరుతోనే ఫైలు ఉంటుంది. సర్వర్ ఎప్పుడు లేచింది, ఎప్పుడు ఆగింది, ఎక్కడ కూలింది, డిస్క్ నిండిందా, ఫైలు పాడైందా, రెప్లికేషన్ ఎందుకు తెగింది, ఇవన్నీ ఇందులో ఉంటాయి. సర్వర్ ఆరోగ్యం గురించిన లాగ్ ఇది. మీ టేబుల్‌లో ఎవరి బాకీ ఎంతకు మారిందో దీనికి పట్టదు.

ఇక్కడ చిన్న తేడా ఒకటుంది, తెలియకపోతే తికమక పడతారు. మీ ప్రోగ్రాం తప్పు క్వెరీ పంపితే మైఎస్‌క్యూఎల్ ఎర్రర్ లాగ్ దాన్ని రాయదు, ఆ తప్పును ప్రోగ్రాంకే తిప్పి పంపుతుంది. పోస్ట్‌గ్రెస్ సర్వర్ లాగ్ మాత్రం ఆ తప్పునూ, దానికి కారణమైన క్వెరీనీ రాసి పెడుతుంది. ఒకదాంట్లో పనిచేసి ఇంకోదానికి మారినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఎర్రర్ లాగ్ చదివేటప్పుడు మామూలుగా జరిగే పొరపాట్లు చూద్దాం.

టైమ్ దగ్గర జరిగే పొరపాటు అన్నింటికంటే ఎక్కువ. షాపులో సమస్య ఉదయం 11:42కు వచ్చింది. మీరు లాగ్‌లో 11:42 దగ్గరికి వెళ్లారు. అక్కడ ఏమీ లేదు. కానీ 06:12 దగ్గర వరుసగా ఎర్రర్లున్నాయి. ఆ టైమ్ చివర ఆంగ్ల అక్షరం జెడ్ కనిపిస్తోందా? అంటే అది యూటీసీ సమయం. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన సమయం. 06:12కు కలిపి చూడండి, సరిగ్గా 11:42. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచీ ఎర్రర్ లాగ్ సమయం మామూలుగా యూటీసీలోనే ఉంటుంది. లాగ్ టైమ్‌స్టాంప్స్ అనే సెట్టింగ్‌ను సిస్టమ్ అని మారిస్తే సర్వర్ గడియారం ప్రకారం రాస్తుంది. మార్చినా మార్చకపోయినా, ఏ సర్వర్ ఏ సమయంలో రాస్తోందో మీ నోట్‌బుక్‌లో మొదటి పేజీలోనే రాసుకోండి.

రెండోది, చివరి లైను చదివి నిర్ణయానికి రావడం. ఒక ఎర్రర్ వస్తే దాని వెనక పది వస్తాయి. చివర కనిపించేది పదో పిల్ల. మీకు కావలసింది తల్లి. కింది నుంచి పైకి జరుగుతూ, చివరిసారి అంతా మామూలుగా ఉన్న లైను దగ్గర ఆగండి. దాని తర్వాత వచ్చిన మొదటి ఎర్రర్‌ని పట్టుకోండి.

మూడోది, లేని లైనును చూడకపోవడం. సర్వర్‌ను పద్ధతిగా ఆపితే లాగ్‌లో ఆగుతున్నట్టు, తర్వాత పూర్తిగా ఆగినట్టు లైన్లుంటాయి. అవేవీ లేకుండా హఠాత్తుగా "మొదలవుతోంది" అనే లైను, దాని వెంట క్రాష్ రికవరీ మాట కనిపించిందా? సర్వర్‌కు చెప్పే వ్యవధి కూడా దొరకలేదన్నమాట. కరెంటు పోయి యూపీఎస్ అందుకోలేదేమో. లేదా మెమరీ చాలక లినక్సే ఆ ప్రాసెస్‌ను చంపేసిందేమో. అలా చంపినప్పుడు డేటాబేస్ లాగ్‌లో కారణం దొరకదు, ఆపరేటింగ్ సిస్టమ్ లాగ్‌లో చూడాలి. "డేటాబేస్ దానంతటదే రీస్టార్ట్ అయింది సార్, లాగ్‌లో ఏం లేదు" అని టికెట్ మూసేసే ముందు ఆ రెండో లాగ్ ఒక్కసారి తెరవండి.

ఇక రీస్టార్ట్ సంగతి. ఎస్‌క్యూఎల్ సర్వర్ మొదలైన ప్రతిసారీ కొత్త ఎర్రర్‌లాగ్ తెరుస్తుంది, పాతవి మామూలుగా ఆరే ఉంచుతుంది. గాభరాలో ఏడుసార్లు రీస్టార్ట్ చేశారంటే మొదట ఏం జరిగిందో చెప్పే ఫైలు మీ చేత్తోనే పోయినట్టు. రీస్టార్ట్ చేయక తప్పకపోతే చేయండి, కాదనను. ముందు ఆ ఫైలును వేరే చోటికి కాపీ చేసుకోవడానికి ఒక్క నిమిషం పడుతుంది.

2. ఆలస్యం గురించి స్లో లాగ్‌ని అడగండి

అడగాలంటే ముందు అది రాస్తుండాలి కదా? మైఎస్‌క్యూఎల్‌లో స్లో క్వెరీ లాగ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసినా 10 సెకన్లు దాటినవే రాస్తుంది. కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి మూడు సెకన్లే ఎక్కువ. కాబట్టి లాంగ్ క్వెరీ టైమ్‌ను 1 సెకనుకు తగ్గించండి, వారం చూసి అవసరమైతే ఇంకా తగ్గించండి. పోస్ట్‌గ్రెస్‌లోనూ క్వెరీ వ్యవధి రాయడం మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. మాంగోడీబీ మాత్రం 100 మిల్లీసెకన్లు దాటినవాటిని తనంతట తానే రాస్తుంది.

ఇప్పుడు ఒక ఎంట్రీని దగ్గరగా చూద్దాం. క్వెరీ టైమ్ 14 సెకన్లు. లాక్ టైమ్ దాదాపు సున్నా. పంపిన వరుసలు 20. పరిశీలించిన వరుసలు 18 లక్షలు. కింద క్వెరీ: మేడిపల్లి మండలంలోని డీలర్ల బాకీలు.

ఈ నాలుగు అంకెల్లో కథంతా ఉంది. 20 వరుసలు ఇవ్వడానికి 18 లక్షలు తిరగేసింది. అంటే మండలం కాలమ్‌కు ఇండెక్స్ లేదు, లేదా ఉన్నా వాడుకోలేకపోయింది. ఇండెక్స్ వేసి చూడండి. అదే లాక్ టైమ్ 13 సెకన్లని ఉంటే? అప్పుడు ఇండెక్స్‌తో పనిలేదు. ఇంకెవరో పట్టుకున్న తాళం కోసం ఈ క్వెరీ ఎదురుచూసింది. తాళం వేసినవాణ్ని వెతకాలి. కొత్త ర్యామ్ కొనమని సేటుకు చెప్పే ముందు ఈ రెండు అంకెలు చూడండి. డబ్బు పెట్టేది ఆయన.

స్లో లాగ్ దగ్గర గుర్తుంచుకోవలసిన పరిమితులు రెండు. క్వెరీ ముగిశాకే అందులో పడుతుంది. ఇప్పుడే నడుస్తూ సర్వర్‌ను కుదిపేస్తున్న క్వెరీ అక్కడ కనిపించదు, దానికి షో ప్రాసెస్‌లిస్ట్ కొట్టాలి. ఇంకొకటి, పావు సెకనులో అయిపోయే క్వెరీ నిమిషానికి వేలసార్లు వస్తే సర్వర్ మూలుగుతుంది గానీ లాగ్ ఖాళీగానే ఉంటుంది. అలాంటప్పుడు ఒక అరగంట హద్దును సున్నాకు తెచ్చి, పట్టుకుని, మళ్లీ పెంచండి.

3. జనరల్ లాగ్‌ను తెరిచి మరచిపోకండి

జనరల్ క్వెరీ లాగ్ ప్రతి కనెక్షన్‌నూ, వచ్చిన ప్రతి క్వెరీనీ రాస్తుంది. సింటాక్స్ తప్పున్నవి తప్ప, ఫెయిలైనవి కూడా. అవి అమలైన వరుసలో కాకుండా సర్వర్‌కు చేరిన వరుసలో రాస్తుంది. "ఈ కొత్త సాఫ్ట్‌వేర్ అసలు డేటాబేస్‌ను ఏమడుగుతోంది?" అన్న అనుమానానికి ఇంతకంటే మంచి జవాబు లేదు. పదిహేను నిమిషాలు ఆన్ చేయండి, చూడండి, ఆఫ్ చేయండి.

ఆఫ్ చేయడం మరిచిపోతే ఏమవుతుంది? కోరుట్ల షాపుకు అయిందే అవుతుంది. ఎప్పుడో ఎవరో ఆన్ చేసి వదిలేసిన జనరల్ లాగ్ నెలల తరబడి పెరిగి డిస్క్‌ను మింగేసింది. ఇప్పుడు దాన్ని ఊరికే డిలీట్ కొడితే సరిపోతుందా? లినక్స్‌లో సరిపోదు. సర్వర్ తెరిచి పట్టుకున్న ఫైలును తొలగిస్తే పేరు పోతుంది, చోటు మాత్రం ఖాళీ కాదు. ముందు జనరల్ లాగ్‌ను ఆఫ్ చేయండి, సర్వర్ ఆ ఫైలును మూసేస్తుంది. తర్వాత దాన్ని వేరే డిస్క్‌కు తరలించండి. ఆగిన బిల్లులు వాటంతటవే కదులుతాయి. రీస్టార్ట్ అవసరమే రాదు.

ఇందులో ఇంకో ప్రమాదముంది. యూజర్‌ను సృష్టించే కమాండ్లలో పాస్‌వర్డ్‌ను మైఎస్‌క్యూఎల్ దాచి రాస్తుంది. కానీ మీ సాఫ్ట్‌వేర్ తన సొంత యూజర్ టేబుల్‌లో పాస్‌వర్డ్‌ను నేరుగా పెడుతుంటే, అది ఉన్నదున్నట్టు లాగ్‌లోకి వస్తుంది. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు, ఆసుపత్రి సిస్టమ్ అయితే రోగాల పేర్లు, అన్నీ వస్తాయి. లాగ్‌లోకి పాస్‌వర్డ్‌లు జారిపోవడం పెద్ద కంపెనీలకూ జరిగింది. 2018 మేలో ట్విటర్ తన లోపలి లాగ్‌లో పాస్‌వర్డ్‌లు దాచకుండా పడ్డాయని చెప్పి, 33 కోట్ల మంది వినియోగదారులను పాస్‌వర్డ్ మార్చుకోమని కోరింది. అందుకని సమస్య వచ్చినప్పుడు లాగ్ ఫైలును వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఎవరైనా చూడండన్నా" అనకండి. కావలసిన పది లైన్లు తీసి, పేర్లూ నంబర్లూ కొట్టేసి పంపండి.

4. ఏం మారిందో బైనరీ లాగ్‌ని అడగండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. మీ ఉద్యోగాన్ని ఎప్పుడైనా కాపాడితే ఈ లాగే కాపాడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. మన తెలంగాణలో మేడిపల్లి పేరుతో మండలాలు రెండున్నాయి. ఒకటి మన జగిత్యాల జిల్లాలో. ఇంకోటి హైదరాబాద్ అంచున, బోడుప్పల్, పీర్జాదిగూడ ఉన్న వైపు, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మన మేడిపల్లి కరీంనగర్ నుంచి జగిత్యాలకు మారింది, ఆ మేడిపల్లి ప్రాంతం రంగారెడ్డి నుంచి మేడ్చల్‌కు మారింది. 2022లో మన మేడిపల్లి మండలంలోని భీమారం విడిగా మండలమైంది. ప్రతి మార్పుతో పాటు ఎన్నో షాపుల, బ్యాంకుల, ఆఫీసుల టేబుళ్లలో చిరునామాలు మార్చాల్సి వచ్చింది.

ఇప్పుడు ఊహించండి. రెండు జిల్లాల్లోనూ డీలర్లున్న విత్తన కంపెనీ. కొత్తగా చేరిన కుర్రాడికి చిరునామాలు సరిచేసే పని ఇచ్చారు. జిల్లాను జగిత్యాలగా మార్చమని అప్‌డేట్ రాశాడు. షరతు దగ్గర మండలం మేడిపల్లి అని మాత్రం పెట్టాడు. ఎంటర్ కొట్టాడు. బోడుప్పల్ డీలర్లందరూ జగిత్యాల జిల్లాకు వచ్చేశారు.

వెనక్కి తిప్పడం తేలికేనా? "వాళ్లందరికీ మేడ్చల్ అని పెట్టేస్తే సరి" అనిపిస్తుంది. కానీ పాత విలువలు ఒకేలా ఉన్నాయా? కొందరికి రంగారెడ్డి అనే ఉండిపోయి ఉంటుంది, కొందరికి మేడ్చల్, కొందరికి మల్కాజిగిరి, ఇంకొందరికి ఖాళీ. ఊహించి రాస్తే తప్పు మీద తప్పు. ఏ వరుసలో ఏముండేదో కచ్చితంగా తెలియాలి. అది బైనరీ లాగ్‌లో ఉంది.

బైనరీ లాగ్‌నే బిన్‌లాగ్ అంటారు. అది డేటాను మార్చిన ప్రతిదాన్నీ రాస్తుంది: ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్, టేబుల్ సృష్టించడం, తీసేయడం. కమిట్ అయినవే రాస్తుంది. చూసి పోయిన సెలెక్ట్‌లను రాయదు. మైఎస్‌క్యూఎల్ 8.0లో మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. వరుసల పద్ధతిలో ఉంటే, మారిన ప్రతి వరుసకూ పాత విలువా కొత్త విలువా రెండూ దొరుకుతాయి. అడుగులు ఇవి:

1. ముందుగా ఆ టేబుల్‌లో ఇంకెవరూ రాయకుండా ఆపించండి. "పది నిమిషాలు ఆగండి సార్" అని చెప్పడానికి మొహమాటపడకండి.
2. ఇప్పుడున్న స్థితికి కూడా ఒక బ్యాకప్ తీయండి. తప్పుల తడకైనా సరే, తీయండి.
3. షో బైనరీ లాగ్స్ కొట్టి ఫైళ్ల జాబితా చూడండి. ఆ సమయం పడే ఫైలును కాపీ చేసుకోండి.
4. మైఎస్‌క్యూఎల్‌బిన్‌లాగ్ టూల్‌తో, వెర్బోస్ ఆప్షన్ పెట్టి, మొదలూ చివరా టైమ్ ఇచ్చి చదవండి. ఇక్కడ మీరిచ్చే టైమ్ ఆ టూల్ నడుస్తున్న మెషీన్ గడియారం ప్రకారం. ఎర్రర్ లాగ్‌లోని యూటీసీ అంకెను ఇక్కడ పెడితే ఐదున్నర గంటలు పక్కకు పోతారు.
5. మూడు హ్యాష్ గుర్తులతో మొదలయ్యే లైన్లు వెతకండి. అప్‌డేట్ అని టేబుల్ పేరు, కింద వేర్ అని పాత విలువలు, ఆ కింద సెట్ అని కొత్త విలువలు. కాలమ్ పేర్లుండవు, @1, @2, @3 అని వరుస సంఖ్యలుంటాయి. టేబుల్ నిర్మాణాన్ని పక్కన పెట్టుకుని చదవండి.
6. ఆ పాత విలువలతో సరిచేసే క్వెరీలు తయారుచేసి, ముందు టెస్ట్ కాపీ మీద నడపండి. ఎన్ని వరుసలు మారాయో లెక్క సరిపోయాకే అసలు దాని మీదికి వెళ్లండి.

టేబుల్ మొత్తం ఎగిరిపోయిన సందర్భమైతే దారి కొంచెం వేరు. రాత్రి తీసిన బ్యాకప్‌ను వేరే సర్వర్ మీద ఎక్కించి, ఆ తర్వాతి బిన్‌లాగ్‌ను తప్పు జరిగిన క్షణానికి ముందు వరకు నడిపిస్తారు. బ్యాకప్ ఉన్నంత మాత్రాన సరిపోదని ఇప్పుడు తెలిసింది కదా? బ్యాకప్ తీసిన క్షణం నుంచి ఇప్పటిదాకా బిన్‌లాగ్ కూడా ఉండాలి.

8.0లో బిన్‌లాగ్ మామూలుగా 30 రోజులుంటుంది. చోటు మిగుల్చుకోవాలని దాన్ని ఒకటి రెండు రోజులకు తగ్గించేవాళ్లున్నారు. శుక్రవారం సాయంత్రం జరిగిన తప్పు సోమవారం గానీ బయటపడదు, పండగ వస్తే ఇంకా ఆలస్యం. కనీసం వారం పైన ఉంచండి, ఇది నా గట్టి అభిప్రాయం. తొలగించాల్సి వస్తే ఫైల్ మేనేజర్‌లో కాకుండా పర్జ్ కమాండ్‌తో తొలగించండి. రెప్లికా ఉంటే అది ఎంతవరకు చదివిందో ముందు చూసుకోండి.

5. చదవడానికి కాని లాగ్‌లను ముట్టుకోకండి

పేరులో లాగ్ అని ఉన్నంత మాత్రాన అన్నీ చదువుకునే కాగితాలు కావు. మైఎస్‌క్యూఎల్ రీడూ లాగ్, ఒరాకిల్ రీడూ లాగ్, పోస్ట్‌గ్రెస్ వాల్ (రైట్-అహెడ్ లాగ్), ఎస్‌క్యూఎల్ సర్వర్ ట్రాన్సాక్షన్ లాగ్, ఇవి డేటాబేస్‌లో భాగం. పాత కిరాణా షాపుల్లో లావాదేవీ జరగ్గానే చిట్టాలో రాసి, తీరిగ్గా సాయంత్రం ఎవరి ఖాతాలోకి వాళ్లది ఎక్కించేవారు. సర్వర్ చేసేదీ అదే. మార్పును ముందు ఈ లాగ్‌లో రాస్తుంది, తర్వాత నెమ్మదిగా డేటా ఫైల్లోకి ఎక్కిస్తుంది. మధ్యలో కరెంటు పోతే ఈ లాగ్ చూసే సరిచేసుకుంటుంది. మద్రాస్ ఐఐటీలో చదివి ఐబీఎంలో పనిచేసిన సి. మోహన్, ఆయన సహచరులు 1992లో ప్రచురించిన ఎరీస్ పద్ధతి ఈ రికవరీకి పునాది లాంటిది. ఎస్‌క్యూఎల్ సర్వర్, డీబీ2 ఆ దారిలోనే నడుస్తాయి.

పోస్ట్‌గ్రెస్‌లో ఈ ఫైళ్లుండే ఫోల్డర్ పేరు ఒకప్పుడు పీజీ ఎక్స్‌లాగ్. డిస్క్ నిండినప్పుడు "ఇవి లాగ్ ఫైళ్లే కదా" అనుకుని తీసేసి, డేటాబేస్‌నే పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉండటంతో 2017లో వచ్చిన వెర్షన్ 10లో ఆ పేరును పీజీ వాల్‌గా మార్చారు. ప్రపంచంలో ఎంతమంది ఈ పొరపాటు చేసి ఉంటే పేరే మార్చాల్సి వస్తుంది? ఆలోచించండి.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రాన్సాక్షన్ లాగ్ ఉండే ఎల్‌డీఎఫ్ ఫైలు డేటా కన్నా పెద్దదైపోయిందని భయపడేవాళ్లు ఎక్కువ. కారణం మామూలుగా ఒకటే: రికవరీ మోడల్ ఫుల్‌లో ఉంది, లాగ్ బ్యాకప్ మాత్రం ఎవరూ తీయడం లేదు. లాగ్ బ్యాకప్ షెడ్యూల్ పెట్టండి, లోపలి చోటు మళ్లీ వాడకానికి వస్తుంది. ఆ ఫైలును డిలీట్ చేయడం పరిష్కారం కానే కాదు. పోస్ట్‌గ్రెస్‌లో వాల్ ఆగకుండా పెరుగుతుంటే, ఎప్పుడో తీసేసిన రెప్లికా తాలూకు రెప్లికేషన్ స్లాట్ మిగిలిపోయిందేమో చూడండి. ఒరాకిల్‌లో ఓఆర్‌ఏ-00257 వచ్చిందంటే ఆర్కైవ్ లాగ్‌కు చోటు చాలడం లేదు. ఒరాకిల్ బ్యాకప్ టూల్ ఆర్‌మ్యాన్‌తో బ్యాకప్ తీసి, ఆర్‌మ్యాన్‌తోనే తొలగించండి.

ఈ లాగ్‌ల విలువ 2017 జనవరి 31న, కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ కంపెనీకి బాగా తెలిసొచ్చింది. రెప్లికా వెనకబడింది. అది అందుకునేలోపే అసలు సర్వర్ వాల్ ఫైళ్లను తీసేసింది, వాటిని విడిగా దాచే ఏర్పాటు లేదు. రెప్లికాను సరిచేసే ప్రయత్నంలో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు సర్వర్ డేటా ఫోల్డర్‌ను తొలగించాడు. బ్యాకప్ చూస్తే, వెర్షన్ తేడా వల్ల అది కొన్నాళ్లుగా ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే ఈమెయిళ్లు కూడా మెయిల్ సర్వర్ తిరస్కరించడంతో ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ ఒకటి దొరికింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. అంతా బయటపెట్టి, రికవరీని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. అందుకే మనం నేర్చుకోగలుగుతున్నాం. మీ బ్యాకప్ స్క్రిప్ట్ రాసే లాగ్‌ను వారానికి ఒకసారైనా మీ కళ్లతో మీరే తెరిచి చూస్తున్నారా?

6. ఎవరు చేశారన్నది కావాలంటే ముందే ఏర్పాటు చేసుకోండి

బిన్‌లాగ్ ఏం మారిందో చెబుతుంది. ఏ యూజర్ మార్చాడో మామూలుగా చెప్పదు. ఎవరు చూశారో అసలే చెప్పదు. దానికి ఆడిట్ లాగ్ ఉండాలి. మరియాడీబీకి ఆడిట్ ప్లగిన్ ఉంది, పోస్ట్‌గ్రెస్‌కు పీజీఆడిట్ ఉంది, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో ఆడిట్ సదుపాయం వాటిలోనే ఉంది. తప్పు జరిగాక ఆన్ చేస్తే జరిగిపోయినది దొరకదు. షాపులో అందరూ రూట్ యూజర్‌తోనే లాగిన్ అవుతుంటే ఆడిట్ లాగ్ పెట్టినా అన్ని వరుసల్లోనూ రూట్ అనే ఉంటుంది. ఈరోజే మనిషికో యూజర్ ఇవ్వండి. ఖర్చు లేని పని.

"మనలాంటి చిన్నవాళ్లకు ఇవన్నీ ఎందుకు?" అంటారా? సిరిసిల్లలో నూలు వ్యాపారాన్ని ప్రైవేట్ లిమిటెడ్‌గా నడిపేవారిని అడగండి. కంపెనీల చట్టం కింద నమోదై, లెక్కలకు సాఫ్ట్‌వేర్ వాడే ప్రతి కంపెనీ 2023 ఏప్రిల్ 1 నుంచి, ప్రతి మార్పునూ తేదీతో సహా రాసే, ఆపేయడానికి వీల్లేని ఎడిట్ లాగ్ ఉన్న అకౌంటింగ్ సాఫ్ట్‌వేరే వాడాలి. సంవత్సరం చివర ఆడిటర్ దాన్ని అడుగుతాడు. ఇక సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం సంస్థలు తమ సిస్టమ్‌ల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, సైబర్ దాడి లాంటిది జరిగితే తెలిసిన ఆరు గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి. ఆరు గంటల్లో మీరు ఏం రాసి పంపగలరన్నది లాగ్‌లు ఎక్కడున్నాయో మీకు తెలుసా లేదా అన్నదాని మీదే ఆధారపడుతుంది. సర్వర్ల గడియారాలన్నీ ఒకే సమయం చూపేలా కలిపి ఉంచమని కూడా ఆ ఆదేశాలు చెబుతున్నాయి. నాలుగు మెషీన్ల లాగ్‌లను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు ఆ నియమం ఎంత మంచిదో అర్థమవుతుంది.

7. ఈ ఆదివారం చేసి చూడండి

చదివితే రాదు, చేతులు పెట్టాలి. మీ ల్యాప్‌టాప్‌లో మైఎస్‌క్యూఎల్ ఎక్కించుకోండి, ఉచితమే. దాని మీద తప్పులు కావాలని చేయండి.

1. ఎర్రర్ లాగ్ ఎక్కడుందో కనుక్కోండి. లాగ్ ఎర్రర్ అనే వేరియబుల్‌ను అడిగితే సర్వరే చెబుతుంది. చివరి 50 లైన్లు నెమ్మదిగా చదవండి, అర్థంకాని ప్రతి మాటనూ వెతకండి.
2. సర్వర్‌ను పద్ధతిగా ఆపి మళ్లీ లేపండి. తర్వాత ఇంకోసారి ప్రాసెస్‌ను బలవంతంగా చంపి లేపండి. రెండుసార్లూ లాగ్‌లో వచ్చిన తేడాను పక్కపక్కన పెట్టి చూడండి.
3. స్లో లాగ్ ఆన్ చేసి, హద్దు 1 సెకను పెట్టి, మూడు సెకన్లు నిద్రపోయే క్వెరీ పంపండి. అది లాగ్‌లో పడ్డాక, పరిశీలించిన వరుసలు ఎన్ని చూపించిందో చూడండి.
4. డీలర్ల టేబుల్ ఒకటి చేసుకోండి. రెండు మేడిపల్లులనూ, నాలుగు రకాల జిల్లా పేర్లనూ పెట్టండి. ఆ తప్పు అప్‌డేట్‌ను మీరే కొట్టండి. ఇప్పుడు బిన్‌లాగ్ చూసి ప్రతి వరుసనూ పాత విలువకు తెండి.
5. బ్యాకప్ తీసి, పది వరుసలు కొత్తగా చేర్చి, టేబుల్‌ను డ్రాప్ చేయండి. బ్యాకప్‌తోనూ బిన్‌లాగ్‌తోనూ తిరిగి నిలబెట్టండి. ఆ పది వరుసలూ వచ్చాయా? రాకపోతే బిన్‌లాగ్‌ను ఏ పొజిషన్ దగ్గర ఆపారో చూసి, డ్రాప్‌కు ఒక ఈవెంట్ ముందు ఆపి మళ్లీ నడపండి.